నీచు వాసన కారు

ఏప్రిల్ 9

కారు ఇంటికొచ్చి 12 రోజులు. షోరూం నుంచి నేరుగా అయినవిల్లి వినాయకుడి గుడికి, పూజయ్యాక నిమ్మకాయలు తొక్కించుకుని రావులపాలెంలో మా బావ షాపుకి. అక్కడ రెగ్జిన్ సీటు కవర్లు, కింద మందపాటి మ్యాట్లు. ఒక్క రోజులో అన్నీ అయిపోయాయి. ఇవాళ అమ్మని ఎక్కించుకుని అమలాపురం నుంచి కాకినాడ బయల్దేరాను. ముమ్మిడివరం ఇంకా రానేలేదు, "ఆపరా నానా" అంది. దిగి కొబ్బరిచెట్టు నీడలో కాసేపు కూర్చుని, మొహం కడుక్కుని, "ఇందులో చేపల గంప గానీ ఎక్కించారా? నీచు కొడుతోంది" అంది.

నాకు నీచు రాలేదు. నాకొచ్చింది అందరూ చెప్పుకునే కొత్త కారు వాసనే. మా ఆవిడకి పెట్రోలు బంకు వాసన. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి కొత్త స్కూలు బ్యాగు వాసన, పైగా బాగుందంట. ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకి బెంజీన్, టోలీన్ బోర్డు మీద గీస్తున్నవాణ్ని. అవి నా సీటు కిందే ఉంటాయని ఎప్పుడూ అనుకోలేదు. ఎలాగూ సెలవులొస్తున్నాయి. ఈ వాసన సంగతేంటో చూడాలి.

ఏప్రిల్ 14

ఎస్‌జీపీ30 అనే గ్యాస్ సెన్సరు, దాన్ని నడపడానికి ఈఎస్‌పీ32 బోర్డు, తేమ చూడ్డానికి డీహెచ్‌టీ22. అన్నీ కలిపి రెండు వేల లోపే. పప్పుల డబ్బా మూతకి చిల్లులు పెట్టి అందులో అమర్చాను.

మొదటిరోజు అంకెలన్నీ చెత్త. సెన్సరు లోపల సన్నటి లోహ ఆక్సైడు పొర ఒకటి వేడిగా ఉంటుంది. ఆవిర్లు తగిలితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది. కొత్త సెన్సరు కుదురుకోవడానికి కనీసం 12 గంటలు మామూలు గాలిలో నడవాలి. నేను తెచ్చినదాన్ని తెచ్చినట్టే కారులో పెట్టేశాను. రెండోరోజు డాబా మీద నడిపించాక దారిలోకి వచ్చింది.

ఇంకో మోసం కూడా దొరికింది. స్క్రీన్ మీద కార్బన్ డయాక్సైడ్ అని ఒక అంకె చూపిస్తుంది. అది కొలిచింది కాదు, గాలిలో ఉన్న హైడ్రోజన్‌ని బట్టి వేసిన అంచనా. దాన్ని చూసి నిన్న రాత్రి అనవసరంగా టెన్షన్ పడ్డాను. ఆ అంకెని కోడ్‌లోంచే తీసేశాను.

ఇవాళ పొద్దున మా ఆవిడ డాష్‌బోర్డు మీది వినాయకుడికి అగరొత్తి వెలిగించింది. అంకె వందల్లోంచి ఐదంకెలకి ఎగిరింది. "చూశావా, దేవుడికి కూడా లెక్కలు కడుతోంది" అని నవ్వింది. నవ్వొచ్చినా నాకు పనికొచ్చే మాటే. ఈ డబ్బాకి మంచీ చెడ్డా తెలియదు, ఏ ఆవిరో కూడా తెలియదు. ఎక్కువా తక్కువా అన్నంత వరకే నమ్మాలి.

ఏప్రిల్ 20

ఒకే కారు, ఒకే చోటు, రెండు వేళలు. తెల్లారి 6కి బయట 27 డిగ్రీలు, కారు లోపల కూడా దాదాపు అంతే. సెన్సరు అంకె (వంద కోట్ల పాళ్ల గాలిలో ఆవిర్లు ఎన్ని పాళ్లో చూపేది) 900. మధ్యాహ్నం 2కి బయట 37, అద్దాలు మూసి రెండు గంటలు ఎండలో ఉంచితే లోపల గాలి 56, డాష్‌బోర్డు పైభాగం 71. అంకె 6,200.

ప్లాస్టిక్, ఫోమ్, జిగురు, వీటన్నిటిలో తయారీలో మిగిలిపోయిన చిన్న చిన్న అణువులు ఇరుక్కుని ఉంటాయి. వేడి పెరిగేకొద్దీ అవి వదులై బయటికొస్తాయి. ఏబీఎస్ ప్లాస్టిక్ నుంచి స్టైరీన్, జిగుర్ల నుంచి టోలీన్, జైలీన్, కొన్ని గట్టి ప్లాస్టిక్ క్లిప్పుల నుంచి, రెసిన్ పట్టించిన ఫెల్ట్ (ఒత్తిన నార గుడ్డ) నుంచి ఫార్మాల్డిహైడ్. పట్టిక వేస్తే చాంతాడంత.

చైనాలో 2011లో వచ్చిన మార్గదర్శకం ఒకటుంది. కారు లోపలి గాలిలో ఘనపు మీటరుకి బెంజీన్ 0.11 మిల్లీగ్రాములు, టోలీన్ 1.10, ఫార్మాల్డిహైడ్ 0.10 దాటకూడదని. అయితే ఆ పరీక్ష చేసేది 25 డిగ్రీల గదిలో, కారు 16 గంటలు మూసి ఉంచాక. మా ఊళ్లో మే నెలలో 25 డిగ్రీలు చూడాలంటే ఏసీ బట్టల షాపులోకి వెళ్లాలి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 12219లో మాత్రం కారుని మామూలుగానే కాక, దీపాలతో ఎండ కాసినట్టు వేడి చేసి కూడా కొలుస్తారు. ఆ పద్ధతి మన ఎండలకి దగ్గర.

నా అంకెని ఆ 1.10తో పోల్చాలని కాసేపు కుస్తీ పట్టాను. లెక్క వేస్తే 1.10 మిల్లీగ్రాముల టోలీన్ అంటే గాలిలో వంద కోట్ల పాళ్లకి సుమారు 290 పాళ్లు. కానీ నా సెన్సరుని ఫ్యాక్టరీలో సరిచూసింది ఇథనాల్ ఆవిరితో. మామిడికాయల కాటాతో బంగారం తూచినట్టవుతుంది. వదిలేశాను.

మర్చిపోయాను, వెనక సీటు హెడ్‌రెస్టులకి, తలుపుల లోపలివైపు కంపెనీ పాలిథీన్ ఇంకా అలాగే ఉంది. మనవాళ్లు దాన్ని రెండో సర్వీసు దాకా తియ్యరు, కొత్తదనం పోతుందని. లోపలి ఆవిర్లు కూడా పోకుండా అదే కాపలా కాస్తోంది. మా అమ్మాయి ఏడుపుమొహం పెట్టినా చింపేశాను.

ఏప్రిల్ 27

సెన్సరు అంకె వారంలో సగానికి దిగింది. పొద్దున్నే నాలుగు తలుపులూ తీసి పెట్టడం, మధ్యాహ్నం ఎండలో మూసి వేడెక్కించి మళ్లీ తీసెయ్యడం, ఈ రెండే చేశాను. సంతోషంగా అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టాను. రెండు నిమిషాలు. "ఏం తగ్గింది? అదే నీచు" అంది.

డబ్బా తగ్గిందంటోంది, అమ్మ తగ్గలేదంటోంది. ముందు అమ్మ మాట అబద్ధమనుకున్నాను. ఇది రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

ఏప్రిల్ 30

కార్ల పరిశ్రమలో వాసనకి యంత్రాన్ని కాదు, మనుషుల ముక్కునే నమ్ముతారు. జర్మనీ కార్ల పరిశ్రమ సంఘం వీడీఏ 270 అనే పద్ధతి పెట్టింది. వస్తువు ముక్కని గాజు సీసాలో వేసి, మూతపెట్టి, వేడి చేసి, కనీసం ముగ్గురు వాసన చూసి 1 నుంచి 6 దాకా మార్కు వేస్తారు. 1 అంటే వాసనే లేదు. 3 అంటే తెలుస్తుంది గానీ ఇబ్బంది లేదు. 4 దగ్గర ఇబ్బంది మొదలు. 6 అంటే భరించలేం. 80 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, 60 దాకా చల్లారనిచ్చి చూసే రకాన్ని ఎంచుకున్నాను. మన డాష్‌బోర్డు వేడికి అది దగ్గర.

సీసాల కోసం అటక మీద ఆవకాయ సీసాలు దించాను. ఆరింటినీ సబ్బుతో, వేడినీళ్లతో, ఎండలో, మూడు రకాలుగా శుద్ధి చేశాను. పెద్ద గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటరు పెట్టి, సన్నసెగ మీద రెండు గంటలు కాపలా. తీరా చూస్తే ఏమీ వెయ్యని ఖాళీ సీసాకి మా ఆవిడ 4 వేసింది. "వెల్లుల్లి, ఆవపిండి. పోయినేడాది కాయ" అని కూడా చెప్పింది. మూత లోపలి రబ్బరు పీల్చుకున్న వాసన అది. ఖాళీ సీసా పెట్టకపోయి ఉంటే ఆవకాయ పాపం కారు మీదికి నెట్టేసేవాణ్ని.

మే 2

కొత్త సీసాలు, మూతల కింద అల్యూమినియం రేకు. సీసాల మీద పేర్లు లేవు, నంబర్లే. ఏ నంబరులో ఏముందో నాకు తెలుసు కాబట్టి నేను మార్కులు వెయ్యలేదు. అమ్మ, ఆవిడ, అమ్మాయి, ముగ్గురు జడ్జీలు. ఒక్కో సీసాకీ మధ్య రెండు నిమిషాలు గ్యాప్, వరండాలోకి వెళ్లి గాలి పీల్చుకుని రావాలి. ప్రతి సీసా తర్వాత డబ్బా సెన్సరుకీ ఒక విడత.

ఖాళీ సీసాకి ముగ్గురూ 1. అమ్మయ్య. రెగ్జిన్ ముక్కకి 3, 3, 2. కంపెనీ వేసిన కార్పెట్ కింది ఫెల్ట్‌కి 2, 3, 2. మ్యాట్ ముక్కకి 4, 5, 4. మా ఆవిడ దాన్ని "టైరు పంక్చరు షాపు" అంది, సరిగ్గా చెప్పింది. అందులో వాడిన రబ్బరుని గట్టిపరిచేది గంధకం. గంధకం వాసన అణువులు అతి తక్కువున్నా ముక్కు పట్టేస్తుంది. వంటగ్యాసుకి కలిపే మెర్కాప్టాన్ కూడా అదే జాతి. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి మంట చూసినవాళ్ల ఇళ్లలో ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. భూమిలోంచి వచ్చే గ్యాసుకి దాదాపు వాసనుండదు, ఇంటికొచ్చే సిలిండరుకి కావాలని కంపు కలుపుతారు.

ఐదో సీసా, గుడ్డ మీద రాసి ఒకరోజు ఆరబెట్టిన సొల్యూషన్, అంటే రెగ్జిన్‌ని ఫోమ్‌కి అంటించే జిగురు. సెన్సరు అదిరిపోయింది, అన్నిటికంటే ఎక్కువ అంకె. ముక్కులు మాత్రం 4, 4, 3.

ఆరోది కవరు కింద కుట్టే 10 మిల్లీమీటర్ల ఫోమ్. సెన్సరు దాదాపు నిద్రపోయింది, రెగ్జిన్ కంటే తక్కువ. మా ఆవిడ 3, అమ్మాయి 3. అమ్మ మూత తీసీ తీయగానే సీసా దూరంగా జరిపి, "ఇదే. ఇదేరా నాన్నా" అంది. మార్కు అడిగితే "ఆరు కంటే లేదా?" అంది.

మూడో మనిషి మార్కు ఇంత తేడాగా వస్తే ఇంకో ఇద్దరిని పిలిచి మళ్లీ చెయ్యాలి. పక్కింటి పిన్నిగారు, ఆవిడ కోడలు వచ్చారు. పిన్నిగారు 5. కోడలు 4, "రొయ్యల షెడ్డు వాసన" అంది. పుట్టిల్లు భీమవరం దగ్గర, ఆ మాట ఆవిడ నోట ఊరికే రాదు.

తేలింది. పాలియూరితేన్ ఫోమ్ పొంగడానికి అమీన్ ఉత్ప్రేరకాలు వాడతారు. అందులో కొంత ఫోమ్‌లోనే ఉండిపోయి మెల్లగా బయటికొస్తుంది. సముద్రం చేప పాతబడ్డప్పుడు వచ్చే ట్రైమిథైల్ అమీన్‌ది కూడా అదే కుటుంబం. అమ్మ 'నీచు' అన్నది ఉపమానం కాదు, దాదాపు రసాయనం పేరే.

మే 3

రాత్రి అన్నాల దగ్గర అమ్మ, "చేపకి నిమ్మకాయ రాస్తే నీచు పోతుందిగా. దానికీ రాసి చూడరాదూ?" అంది. నేను కెమిస్ట్రీ మేష్టార్ని. ఈ ముక్క నాకు తట్టాలి.

అమీన్లు క్షారగుణం ఉన్నవి. ఆమ్లం తగిలితే లవణమైపోతాయి, లవణం ఎగిరి ముక్కు దాకా రాదు. చేప కూరలో చింతపండు, కడిగేటప్పుడు నిమ్మకాయ, మజ్జిగ, అన్నిటి పని ఇదే. లీటరు నీళ్లలో ఒక చెంచా నిమ్మ ఉప్పు కలిపి ఫోమ్ ముక్క మీద స్ప్రే చేసి, పిండి, పూర్తిగా ఆరబెట్టి మళ్లీ సీసాలో. అమ్మ 3 వేసింది. పిన్నిగారు 2. సెన్సరు అంకెలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు.

నిమ్మకాయల్ని టైర్ల కింద పెట్టి వృథా చేశాం.

మే 5

సీసాలు పట్టుకుని రావులపాలెం వెళ్లాను. "ఏం బావా, నా కవర్లకి వంకలు పెట్టడానికి సరంజామాతో వచ్చావా?" అన్నాడు. కాఫీ తెప్పించాడు. ఆరో సీసా మూత తీసి చేతికిచ్చాక మాట మార్చాడు. ఆ ఫోమ్ మా కారుకి రెండు రోజుల ముందు దిగిన లాటు. బేలు గట్టిగా చుట్టి, పాలిథీన్‌లో బిగించి వస్తుంది. విప్పినరోజే కోసి కుట్టేశారు.

సొల్యూషన్ పూసే తీరు కూడా చూశాను. రెండు వైపులా బ్రష్‌తో రాసి, వేలితో తాకితే అంటుకోనంత వరకు ఆరనిచ్చి, అప్పుడు కలపాలి. బావకి ఆ సంగతి తెలుసు. శనివారం నాలుగు బళ్లు వస్తే ఆగే ఓపిక ఉండదు. తడిమీదే కలిపేస్తే టోలీన్ రెగ్జిన్‌కీ ఫోమ్‌కీ మధ్య బందీ అయిపోతుంది. తర్వాత ఎండెక్కినప్పుడల్లా కొంచెం కొంచెం కారులోకి వస్తుంది. పెట్రోలు బంకు వాసన అన్న మా ఆవిడ కూడా కరెక్టే.

షాపు వెనక గదిలో పూతపని చేసే కుర్రాడు, 20 ఏళ్లుంటాయి. ఒకటే కిటికీ, అది కూడా స్టాకు బేళ్లతో మూసేసి ఉంది. సెన్సరు డబ్బా గుమ్మంలో పెట్టగానే అంకె గరిష్ఠానికి తగిలి ఆగిపోయింది. "నీకు వాసన కొట్టదా?" అంటే, "మొదట్లో తలనొప్పొచ్చేదండి. ఇప్పుడేం తెలీదండి, ఆయ్" అన్నాడు. ముక్కు అలవాటు పడిపోయింది, ఊపిరితిత్తులు అలవాటు పడవు కదా. కారు సంగతి పక్కనబెట్టి బావతో గొడవేసుకున్నాను. కొంచెం గట్టిగానే. రాత్రి అక్క ఫోను చేసి, "మీ బావ అన్నం సరిగ్గా తినలేదు" అంది.

మే 11

కవర్లన్నీ ఊడదీయించి డాబా మీద పరిచాం. ఫోమ్ పనికిరాదని పక్కన పెట్టేశాం. మ్యాట్లు కొబ్బరితోటలో తాడు మీద వేలాడుతున్నాయి. సీట్ల మీద ప్రస్తుతానికి దళసరి నూలు తువ్వాళ్లు. చెమట కూడా పీలుస్తున్నాయి, నిజానికి ఎండాకాలానికి ఇదే హాయి.

మే 17

రాత్రి జొన్నాడ బ్రిడ్జి మీద ఎదురుగా లారీ లైట్లు పడితే ముందు అద్దమంతా పాలు పూసినట్టయింది. బయట కడిగినా పోలేదు. లోపలివైపు వేలితో గీస్తే జిడ్డు, సన్నగా, మూకుడు మీద నూనె పొరలా. రెగ్జిన్‌నీ డాష్‌బోర్డునీ మెత్తగా ఉంచడానికి కలిపే పదార్థాలు వేడికి ఆవిరై, చల్లటి అద్దం మీద పేరుకుంటాయి. వీటి కోసం కూడా పరిశ్రమలో విడిగా పరీక్ష ఉంది, 120 డిగ్రీల దాకా వేడి చేసి కొలుస్తారు. నా సెన్సరు వీటిని అసలు పట్టించుకోలేదు. బరువైన అణువులు, తొందరగా ఎగరవు. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, పాత నూలు చీర ముక్క. రెండుసార్లు తుడిస్తే పోయింది. డాష్‌బోర్డుకి మెరుపొచ్చే పాలిష్ ఇక కొట్టను, అది మళ్లీ కొత్త జిడ్డు.

మే 25

కోనసీమలో ఉంటూ చిప్పబొగ్గు పరీక్షించకపోతే ఎలా. గాలి వడపోతకి వాడే మంచి యాక్టివేటెడ్ కార్బన్‌లో చాలా భాగం కొబ్బరి చిప్పదే. ఊరి బట్టీ బొగ్గు కిలో తెచ్చి గుడ్డసంచీల్లో కట్టి సీట్ల కింద పెట్టాను. రాత్రంతా ఉంచితే అంకెలో మార్పు సున్నా. పైగా కారంతా పొయ్యి వాసన.

బట్టీ బొగ్గు వేరు, యాక్టివేట్ చేసింది వేరు. రెండోదాన్ని 800 డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరి పట్టిస్తారు. లోపల కంటికి కనిపించని రంధ్రాలు తెరుచుకుంటాయి. గ్రాములో వెయ్యి చదరపు మీటర్ల దాకా ఉపరితలం ఉంటుంది. మా అమ్మాయి లెక్కేసి "నాన్నా, పాతిక సెంట్లు!" అంది. గ్రాము బొగ్గులో పాతిక సెంట్ల జాగా. ఇక్కడ స్థలాల రేట్లు తెలిసినవాడెవడికైనా గుండె ఝల్లుమంటుంది.

నీళ్ల ఫిల్టర్లకి వాడే అసలు సరుకు అరకిలో తెచ్చాను. రాత్రి మూసిన కారులో అంకె కాస్త తగ్గింది. మధ్యాహ్నం ఎండలో పట్టుకున్నదాంట్లో కొంత మళ్లీ వదిలేసింది. సంచీ ఊరికే కూర్చుంటే గాలి దాని దగ్గరికి నడిచి రాదు. దానికంటే ఏసీ గాలి దారిలో ఉండే కార్బన్ ఫిల్టరే నయం. గ్లవ్‌బాక్స్ వెనక మూడు నిమిషాల పని, వేసేశాను. ఫార్మాల్డిహైడ్ విషయంలో అదీ అంతంతమాత్రమే, ఆ అణువు చిన్నది, మామూలు బొగ్గుకి పట్టుబడదు. దానికి కిటికీయే దిక్కు.

జూన్ 29

వానలు పడ్డాయి, కొత్త వాసన దిగింది. ఇది నీచు కాదు, ముక్కిన బియ్యం వాసన. ఏసీ వేసిన మొదటి నిమిషమే. కూలింగ్ కాయిల్ మీద తడి, దాని మీద బూజు. ఇల్లు చేరడానికి ఐదు నిమిషాల ముందు ఏసీ ఆపి ఫ్యాను మాత్రం తిప్పితే కాయిల్ ఆరుతోంది. నాలుగు రోజుల్లో తగ్గింది. దీనికి డైరీ అక్కర్లేదు.

జూలై 6

బావ తనే వచ్చాడు. నెలపాటు షెడ్డులో విప్పి ఆరబెట్టిన ఫోమ్, అంటించకుండా కుట్టిన కవర్లు. ఆ ఫోమ్ ముక్కని కూడా ముందే తెప్పించుకుని సీసాలో పెట్టాను. అమ్మ 2. వెనక గది కిటికీ దగ్గర బేళ్లు తీయించి బయటికి లాగే ఫ్యాను పెట్టించానని, నా మొహం చూడకుండా చెప్పాడు. కవర్ల డబ్బులిస్తుంటే తీసుకోలేదు. సీసాలు రెండు అడిగి పట్టుకెళ్లాడు.

జూలై 13

అమ్మతో అంతర్వేది. బోడసకుర్రు వంతెన మీద గోదారి ఎర్రగా ఉంది. అమ్మ తనవైపు అద్దం రెండు వేళ్లు కిందికి దించుకుంది. ఏసీ ఉందిగదా అంటే, "నీ మిషన్ సంగతి నాకు తెలీదు గానీ, గాలి రానీ" అంది. డబ్బా అంకె 180. తాటిపాక దాటేసరికి నిద్రపోయింది. రాజోలు సెంటర్లో స్పీడు బ్రేకరుకి మెలకువొచ్చి, ముక్కు ఎగబీల్చి, "ఎవరింట్లోనో చేపల పులుసు" అంది. ఈసారి నాక్కూడా వచ్చింది.